కాలనీ పార్కు: సంఘం తీసుకుంటే మేలా, కాంట్రాక్టరుకే వదిలేస్తే మేలా?

మా కాలనీ పార్కు నిర్వహణను కాలనీవాళ్ల సంఘం తీసుకున్నాక మూడో ఎండాకాలం ఈ మధ్యే దాటింది. అప్పటినుంచి అనంతపురంలోని వేరే కాలనీల వాళ్లు, కడప నుంచి ఇద్దరు ఇదే ప్రశ్న అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే పోతుందనిపించింది.

నేను చూసేది ఒక్కటే: మూడో ఎండాకాలంలో పొద్దున ఆరింటికి మోటారు వేసేదెవరు? మొదటి ఏడు అందరికీ ఉత్సాహం ఉంటుంది. రెండో ఏడు కాంట్రాక్టు గడువు నడుస్తూ ఉండొచ్చు. మూడో ఏడు మే నెలలో ఎవరూ ఫొటోలు తీయరు. మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. నైరుతి మేఘాలను పడమటి కనుమలే ఆపేసుకుంటాయి, మనకు కాస్తో కూస్తో పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. తాగే నీళ్లు కూడా పీఏబీఆర్ (పెన్నహోబిలం రిజర్వాయరు) నుంచి తెచ్చుకునే ఊళ్లో పార్కు నీళ్ల లెక్క ముందు వేయకుండా పదేళ్ల ప్లాన్ అంటే నాకు నవ్వొస్తుంది.

ఆ లెక్క ఇదీ. ఎకరా పార్కులో సగం పచ్చిక వేస్తే సుమారు 2000 చదరపు మీటర్లు. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లన్నా పొయ్యాలి. అంటే రోజుకు 10 వేల లీటర్లు, రెండు పెద్ద ట్యాంకర్లు. అదే స్థలంలో వంద కానుగ, వేప మొక్కలు పెట్టి మొక్కకు 20 లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు పోస్తే వారం మొత్తానికి 4 వేల లీటర్లు. పచ్చికకు ఒక్క రోజుకు పట్టేదాంట్లో సగం కూడా కాదు. పైగా కానుగ రెండు మూడు వేసవులు గట్టెక్కిందంటే ఆ తర్వాత తన బతుకు తాను చూసుకుంటుంది. పచ్చిక ఎన్నేళ్లయినా పసిబిడ్డే.

ఉద్యోగరీత్యా నేను ముందు వేరే ఊళ్లో ఉండేవాణ్ని. అక్కడి పార్కు పని మొత్తం ఒక కాంట్రాక్టరు చేశాడు. ప్రారంభం నాడు చాప పరిచినట్టు పచ్చిక, మధ్యలో ఫౌంటెన్, చుట్టూ రంగు రాళ్లు. నిర్వహణ గడువు ముగిసిన ఏడాదికి ఒకరోజు మోటారు గదిలో స్టార్టర్ డబ్బా తెరిచి చూస్తే వైర్లు లేవు, పిచ్చుక గూడు ఉంది. ఆయన మోసం చేశాడని నేననను. కాగితం మీద రాసుకున్నంత కాలం చేశాడు. కాకపోతే ఆ ప్లాన్ ప్రారంభం రోజు కోసం గీసింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ప్రహరీ, బోరు, లైట్లు, మరుగుదొడ్లు సంఘం చందాలతో అయ్యే పనులు కావు. లక్షల్లో ఖర్చు, టెండరు తప్పదు. 2015లో నగరాల కోసం కేంద్రం మొదలుపెట్టిన అమృత్ పథకంలో పార్కులకు కూడా డబ్బు వచ్చింది. ఆ పథకంలోనే, కట్టిన పార్కుల నిర్వహణకు స్థానికులను కలుపుకునే ఏర్పాటు చేయాలన్న మాట కూడా ఉంది. డబ్బు మాట అందరికీ గుర్తుంటుంది, రెండో మాట ఎవరికీ గుర్తుండదు.

మా దగ్గర ఏం జరిగిందంటే, మొదట చేతికొచ్చిన డ్రాయింగులో పచ్చిక పెద్దగానే ఉంది. మీటింగులో పార్కు ఎదురింటి పెద్దామె లేచి అడిగింది: "ఏం సార్, సాయంత్రం ఐదైనా నేల కాలుతుంటుంది. ఆ గడ్డి మీద ఎవరు కూర్చుంటారు? కానుగ చెట్ల కింద నాలుగు అరుగులు కట్టిస్తే చాలదా?" నీళ్లు పోసే బాధ్యత తమదేనని తెలిసేసరికి పచ్చిక కావాలన్నవాళ్లు కూడా చప్పబడ్డారు. చివరికి పచ్చిక పిల్లల ఉయ్యాలల దగ్గర చిన్న మడికి తగ్గింది. మొక్కలు జూన్‌లో హడావిడిగా పెట్టకుండా నేల తడిసేదాకా ఆగాం. ఒక్కో మొక్క పక్కన అడుగున చిల్లు పెట్టిన కుండ పాతి, చిల్లులో గుడ్డ పేలిక దూర్చాం. వందలో పదకొండు చచ్చాయి, మళ్లీ పెట్టాం. నేను సంఘం వైపు మొగ్గడానికి కారణం ఇదే. సేవాభావం సంగతి అటుంచండి, రేపు మోయాల్సినవాడు గీస్తే ప్లానే మారిపోతుంది.

సంఘాల జబ్బులు నాకు తెలియనివి కావు. పని చేసేది ముగ్గురు, సలహాలిచ్చేది ముప్పై మంది. ఆ ముగ్గురూ రిటైరైనవాళ్లే. గేటుకు తాళం వేసి పక్క వీధి పిల్లల్ని రానివ్వకపోవడం ఇంకో జబ్బు. మూలన చిన్న మంటపం అని మొదలై ఐదేళ్లకు సగం పార్కు గుడి ఆవరణ కావడం మీరూ చూసే ఉంటారు. వీటికి మందు కాగితమే. స్థలం మునిసిపాలిటీదే, ఒప్పందం ఐదేళ్లకు, గేటు అందరికీ, శాశ్వత కట్టడం ఏదీ వద్దు, ఏటా లెక్కలు బోర్డు మీద పెట్టాలి అని రాయించుకోండి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో కూడా అందులోనే తేల్చుకోండి, తర్వాత తేలదు. లేఅవుట్ వేసినప్పుడు వదిలిన ఖాళీ స్థలం మునిసిపాలిటీ పేర రిజిస్టర్ అయిందో లేదో ముందే చూసుకోండి. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోముకు ఇస్తే ఆ చుట్టుపక్కలవాళ్లే కోర్టుకెక్కారు. చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. అడిగే మనుషులు ఉండబట్టి అది పార్కుగా మిగిలింది.

దాతలకో కంపెనీలకో ఇచ్చే పద్ధతి గురించి కూడా అడిగారు. బెంచీలు ఇస్తామంటే తీసుకోండి, మోటారు మాత్రం ఇవ్వకండి. మియావాకి అడవి (మొక్కల్ని దగ్గర దగ్గరగా నాటి పెంచే జపాన్ పద్ధతి) బాగానే ఉంటుంది గానీ అందులో పిల్లలు ఆడుకోలేరు.

మా స్టార్టర్ గది తాళం చెవులు ఇప్పుడు మూడు: ఒకటి నా దగ్గర, ఒకటి వాచ్‌మన్ దగ్గర, మూడోది ఆ ఎదురింటి పెద్దామె దగ్గర. ఈ మే నెలలో బోరు అరగంట పోసి ఆగిపోయేది. ఆమె రెండు విడతలుగా, పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి మోటారు వేసి మొక్కల్ని బతికించింది. ఒప్పందానికి ఇంకా రెండేళ్లుంది. నాలుగో చెవి ఏ కుర్రాడికి ఇవ్వాలా అని చూస్తున్నాం.