ఇంటి ఫొటోల సర్వర్: పాత ల్యాప్‌టాపా, రాస్‌ప్‌బెర్రీ పైనా?

ఇంట్లోవాళ్ల ఫొటోలన్నీ ఒకేచోట దాచేందుకు సర్వర్‌గా, అంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌గా, నేను పాత ల్యాప్‌టాప్‌నీ, రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌నీ రెండూ వాడి చూశాను. పాత ల్యాప్‌టాప్‌లో నాకు బాగా నచ్చింది బ్యాటరీ. కరెంటు పోయినా కాసేపటి వరకు సర్వర్ ఆగదు. స్క్రీన్, కీబోర్డు దానికే ఉంటాయి కాబట్టి ఏదైనా మొరాయిస్తే అక్కడే కూర్చుని సరిచేసుకోవచ్చు. కాకపోతే ఏళ్ల తరబడి ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, అప్పుడప్పుడు చూస్తుండాలి. ఫ్యాను చప్పుడొకటి, పిల్లలు పడుకునే గదిలో పెట్టలేం.

2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 3 వాట్లే తీసుకుంటుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. ఫొటోలు మాత్రం మెమరీ కార్డులో పెట్టకండి, పదేపదే రాస్తుంటే అది అరిగిపోతుంది. యూఎస్‌బీ 3 పోర్టుకి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని స్టోరేజ్ డ్రైవ్) తగిలించండి.

మొదటిసారి చేసేవాళ్లకు నేను ల్యాప్‌టాపే చెబుతాను. ఏది ఎంచుకున్నా, ఫొటోల ఇంకో కాపీ వేరే డిస్కులో ఉండాల్సిందే.