1966 మస్టాంగ్‌కి ట్రై-వై హెడర్లు: కొన్నేళ్లు వాడాక

మా ఫోర్డ్ మస్టాంగ్ కారులో ఉన్నది 289 ఇంజిన్, అంటే 4.7 లీటర్ల వి8 (రెండు పక్కలా నాలుగేసి సిలిండర్లు). టూ-బ్యారెల్ కార్బురేటర్‌తో ఫోర్డ్ 200 హార్స్‌పవర్ అని చెప్పుకున్న మామూలు రకం. ఇలాంటి ఇంజిన్‌కి హెడర్లు (సిలిండర్ల పొగను బయటికి పంపే విడి గొట్టాల సెట్) పవర్ కోసమే అయితే డబ్బు దండగ అంటాను. నడపడంలో హాయి కోసమైతే మాత్రం పెట్టుకోవచ్చు.

హెడర్ల స్థానంలో కంపెనీ ఇచ్చిన పోత ఇనుము మానిఫోల్డులో ఒక పక్క నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు దారిలో తోసుకుంటూ పోతుంది. ట్రై-వైలో సిలిండర్‌కో గొట్టం, నాలుగూ ముందు రెండై, తర్వాత ఒకటవుతాయి. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-5-4-2-6-3-7-8. ఎడమ పక్కనున్న 7, 8 వెంటవెంటనే పేలతాయి కాబట్టి వాటిని వేర్వేరు జతల్లో కలిపిన సెట్టే కొనాలి. మస్టాంగ్‌నే మరింత వేగంగా మార్చి చేసిన షెల్బీ జీటీ350కి 1965లో పెట్టినవీ ట్రై-వైలే. అయితే ఆ కారు 306 హార్స్‌పవర్ వెనక 271 హార్స్‌పవర్ హై-పో (హై పెర్ఫార్మెన్స్) ఇంజిన్, పెద్ద కార్బురేటర్, గాలి లోపలికి తీసుకునే వేరే ఇన్‌టేక్ కూడా ఉన్నాయి. హెడర్లు అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు.

నా కారులో 2500 ఆర్‌పీఎం దాటాకే తేడా తెలుస్తుంది. హైవే మీద లారీని దాటేటప్పుడు పికప్ బాగుంది. కింది ఆర్‌పీఎంలో పెద్ద తేడా లేదు. శబ్దం మాత్రం గంభీరంగా మారింది, అది బోనస్.

బిగించడం ఓపిక పరీక్షే. ఎడమ పక్క హెడర్ కిందనుంచే ఎక్కుతుంది. ఇంజిన్ మౌంట్ వదులు చేసి, ఆయిల్ పాన్ కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో కాస్త లేపితే గానీ దారి ఇవ్వలేదు. మాది మాన్యువల్ స్టీరింగ్ కాబట్టి బతికిపోయాం. పవర్ స్టీరింగ్ ఉంటే అక్కడ ఇంకా ఇరుకు. గొట్టాల మధ్యనున్న బోల్టుల్లో ఒకటి స్పానర్‌కి ప్రతిసారీ కొంచెమే తిరుగుతుంది, తీసి మళ్లీ పెట్టుకోవాలి. చిన్న తల ఉన్న బోల్టులు ముందే తెచ్చుకోండి.

ఎవరూ చెప్పనిది చోక్ సంగతి. చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ అందించి, వేడెక్కాక దానంతటదే తెరుచుకునే ఆటోమేటిక్ చోక్‌కి వేడిగాలి కుడి పక్క మానిఫోల్డు నుంచే వస్తుంది. మానిఫోల్డు తీశామా, ఆ వేడి పోయినట్టే. చోక్ తెరుచుకోక ఇంజిన్ పెట్రోల్ తాగేస్తుంది. ఎలక్ట్రిక్ చోక్ పెట్టించాకే అది సర్దుకుంది.

వేడి ఇంకో తలనొప్పి. ప్లగ్ వైర్లు గొట్టానికి తగిలితే కాలిపోతాయి, వేడి ఆపే తొడుగులు తప్పవు. టెక్సస్‌లోని ఆస్టిన్ ఎండల్లో బంకులో కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే స్టార్టర్ మూలుగుతుంది. దానికి షీల్డ్ వేశాక కొంత నయం.

చల్లటి ఇంజిన్‌లో టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక పోతే ప్యాకింగ్ (హెడర్‌కీ ఇంజిన్‌కీ మధ్య పెట్టే గ్యాస్కెట్) లీకే. మొదట్లో ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ బోల్టులు మళ్లీ బిగించాలి. తర్వాతా ఏడాదికోసారి చూసుకోవాలి.

కక్కుర్తి పడకూడనిది పూత దగ్గరే. నల్ల పెయింట్‌వి త్వరగా రాలిపోయి తుప్పు పడతాయి. సిరామిక్ పూతవి ధర ఎక్కువైనా అవే తీసుకోండి, బానెట్ కింద వేడీ తగ్గుతుంది. మామూలు స్టీలు గొట్టాలకు వేడి ఆపే గుడ్డ చుట్టడం నాకు నచ్చదు, తేమ పట్టి లోపలే తింటుంది.

పాత మానిఫోల్డులు పారేయకండి, నూనె రాసి దాచండి. ఎప్పుడైనా కారు అమ్మితే కొనేవాడు ముందు అడిగేవాటిలో అదొకటి.