లూయిస్ చదరంగం సెట్టు: ఆరేళ్ల తర్వాత

ముందే చెప్పేస్తాను, బ్లిట్జ్, అంటే గడియారం పెట్టుకుని నిమిషాల్లో ముగించే ఆట, ఆడేవాళ్లకు ఈ సెట్టు పనికిరాదు. స్కాట్లాండ్‌లో దొరికిన పాతకాలపు లూయిస్ చదరంగం పావులకు రెజిన్‌తో (ప్లాస్టిక్‌లాంటి పదార్థం) పోతపోసిన నకలు ఇది, మా ఇంటికొచ్చి ఆరేళ్లయింది. ఆదివారం మధ్యాహ్నాలు నాన్నగారూ నేనూ దీంతోనే ఆడతాం. ఏనుగు ఉండాల్సిన గడిలో డాలు పట్టుకున్న సైనికుడు, శకటు చోట బిషప్పు. గడియారం పెట్టుకున్నామంటే ఎవరో ఒకరం ఒకదాని బదులు ఇంకోటి ఎత్తేస్తాం. మంత్రి బదులు వచ్చిన రాణి చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంటుంది. "పన్ను నొప్పేమోరా ఈవిడకి" అన్నారు నాన్నగారు మొదటిరోజే. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆవిడ పన్నునొప్పి రాణి.

తెలుపూ నలుపూ కాదు, తెలుపూ ఎరుపూ. 1831లో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో అసలు పావులు బయటపడినప్పుడు కొన్నిటిమీద ఎర్రరంగు ఆనవాళ్లు కనబడ్డాయట. మొత్తం 93 వస్తువులు, వాటిలో 78 చదరంగం పావులు. 82 వస్తువులు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంవి, 11 ఎడిన్‌బరో మ్యూజియంవి. 12వ శతాబ్దం చివర్లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో చెక్కి ఉంటారని ఎక్కువమంది నమ్మకం.

నా సెట్టు బల్లమీంచి ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. విరిగింది ఒక్క గుర్రం చెవి కొన. ఇంకేమీ విరక్కపోవడానికి కారణం రెజిన్ గొప్పతనం కాదు, అప్పటి శిల్పి పనితనం. అసలువి ఎక్కువగా వాల్రస్ అనే సముద్రజంతువు దంతంతో చేసినవి. ఆ దంతం సన్నం, పైపొర నున్నగా ఉన్నా లోపలిది మచ్చలుమచ్చలుగా గరుకు. ఉన్న కాస్త మందంలోనే మనిషిని ఇమడ్చాలి. అందుకే రాజు కత్తి ఒళ్లో అడ్డంగా ఉంటుంది, సైనికుడి డాలు ఒంటికి అంటుకుని ఉంటుంది. వాళ్లలో కొందరైతే డాలు అంచును పళ్లతో కొరుకుతుంటారు! ఏదీ బయటికి పొడుచుకు రాదు.

లోపాలు: అడుగున అంటించిన ఫెల్టు రెండో ఏడాదికే ఊడింది, ఫెవికాల్‌తో అంటించుకున్నాను. తలలు పట్టుకుని ఎత్తీ ఎత్తీ ఎర్రరాజు నెత్తిన రంగు పోయి బట్టతల వచ్చింది. బోర్డు గడి ఐదు సెంటీమీటర్లకు తగ్గితే గుర్రాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి.

ఆడేవాడికి తన పావుల వీపులే కదా కనిపించేది. ఆ సంగతి చెక్కినవాడికి తెలుసు. రాజు వీపున జడపాయలు, సింహాసనం వెనకవైపు మెలికలు తిరిగిన తీగలు. దుమ్ము చేరేదీ అక్కడే. పాత టూత్‌బ్రష్షు ఒకటి పెట్టెలోనే ఉంచుతాను, నాన్నగారు ఎత్తు ఆలోచిస్తున్నంతసేపూ నేను తీగలు తోముతుంటాను.