జాగ్రత్త: "ఏఐ ఇక ఏదీ మరిచిపోదు" అని అమ్మే మెమరీ ప్లగిన్లకు ఏడాది ప్లాన్ కట్టేముందు ఇది చదవండి

ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కి నిన్నటి పని ఇవాళ గుర్తుండదు. రోజూ దానితో పని చేసే అందరికీ ఉన్న తలనొప్పే ఇది. "మా ప్లగిన్ పెట్టుకోండి, అపరిమిత మెమరీ" అంటూ ఇప్పుడు దాని మీదే వ్యాపారం నడుస్తోంది. అలాంటి ఒక టూల్‌కి ఏడాది ప్లాన్ కట్టాక బయటపడిన లోపాలివి. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో కట్టిన ఇంకో టూల్‌లోనూ ఇవే ఉండొచ్చు కాబట్టి, పేరు కన్నా లోపల ఏం జరుగుతోందో తెలియడం ముఖ్యం.

మోడల్‌కి సొంత జ్ఞాపకం లేదు. ఒకే సెషన్‌లో (ఒక విడత సంభాషణలో) కూడా మీరు కొత్త మాట టైప్ చేసిన ప్రతిసారీ అప్పటిదాకా నడిచిన సంభాషణ మళ్లీ మోడల్‌కి వెళ్తుంది. కాబట్టి ఏ మెమరీ టూలైనా చివరికి చేసేది పాత సంగతుల్లోంచి కొంత టెక్స్ట్ ఏరి కొత్త సెషన్‌లో అతికించడమే. మనం డబ్బు కట్టేది ఆ ఏరే పనికి.

ఆ పని ఇక్కడ ఎలా జరిగిందంటే, సెషన్ ముగియగానే ఓ చిన్న మోడల్ సారాంశం రాస్తుంది. దాన్ని ఎంబెడింగ్‌గా, అంటే అర్థాన్ని పోల్చడానికి వీలైన అంకెల వరుసగా మార్చి, ప్లగిన్ కంపెనీ సర్వర్‌లో దాస్తారు. తర్వాత మీరేదైనా అడిగితే అర్థంలో దగ్గరగా ఉన్న నాలుగైదు ముక్కలు తెచ్చి పెడతారు. దాచుకోవడానికి హద్దు లేదు గానీ, తెచ్చేది ఆ నాలుగైదే. పైగా ఆ పోలికకు పాతదేదో కొత్తదేదో తెలియదు.

ఉదాహరణ చూడండి. యూజర్ల లాగిన్ వివరాలు రెడిస్‌లో (విడిగా నడిచే ఓ డేటా సర్వర్) పెట్టాలని మొదట అనుకున్నారు, దాని మీద మూడు సారాంశాలు చేరాయి. తర్వాత రెడిస్ తీసేసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుల్ పెట్టారు, దానికి ఒక్క సారాంశం. "లాగిన్ గడువు పొడిగించు" అని అడిగితే ఆ మూడు పాత ముక్కలే ముందుకొచ్చాయి. అసిస్టెంట్ వెళ్లి రెడిస్ క్లయింట్‌ని డిపెండెన్సీల్లో మళ్లీ చేర్చింది, కోడ్ రాసింది, దానికి టెస్టులూ రాసుకుని పాస్ చేసుకుంది. ఏమీ గుర్తులేని అసిస్టెంట్ అయితే ముందు కోడ్ తెరిచి చూసేది. తప్పు జ్ఞాపకం ఉన్నది చూడదు, నమ్మకంగా చెడగొడుతుంది. ఇది అన్నిటికన్నా ఖరీదైన లోపం.

సారాంశాల్లో ఇంకో చిక్కుంది. ఏం చేశామో రాస్తాయి, ఏది ప్రయత్నించి ఎందుకు వదిలేశామో జారవిడుస్తాయి. దాంతో పనికిరాదని తేల్చిన దారినే అసిస్టెంట్ మళ్లీ తెచ్చి చూపిస్తుంది.

టోకెన్ల (మోడల్ చదివే టెక్స్ట్‌ని కొలిచే ముక్కల) సంగతి కూడా చూసుకోండి. ఎంసీపీ (అసిస్టెంట్‌కి బయటి టూల్స్‌ని కలిపే పద్ధతి) ద్వారా పనిచేసే మెమరీ టూల్ తన ఫంక్షన్ల వివరణలతో కొంత, తెచ్చిన ముక్కలతో ఇంకొంత, మోడల్ ఒకసారికి చదవగల చోటు తినేస్తుంది. ఆంత్రోపిక్ వారి కోడింగ్ అసిస్టెంట్ క్లాడ్ కోడ్‌లో స్లాష్ కాంటెక్స్ట్ అని కొడితే దేనికి ఎంత పోతోందో కనిపిస్తుంది. ప్లగిన్ ఉన్నప్పుడోసారి, తీసేశాక ఓసారి కొట్టి పోల్చండి.

ఇక తాళాల విషయం, అంటే పాస్‌వర్డ్‌లు, కీలు. అసిస్టెంట్ టెర్మినల్‌లో చూసిన ప్రతిదీ సంభాషణలో భాగమే. రహస్య సెట్టింగ్‌లుండే ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌ని అసిస్టెంట్ ఒక్కసారి తెరిచి చూసినా డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీ ఆ సంభాషణతో పాటు బయటి సర్వర్‌కి చేరతాయి. ఇక్కడ సెషన్ డిలీట్ చేసినా దాన్నుంచి పుట్టిన సారాంశం మాత్రం వెతికితే దొరుకుతూనే ఉంది.

కొనాలనే ఉంటే ట్రయల్ గడువులోనే, పనికిరాని ఓ ఖాళీ రిపోలో (కోడ్ ఫోల్డర్‌లో) పరీక్షించండి. మొదటి సెషన్‌లో ఒక నిర్ణయం చెప్పండి, రెండోదాంట్లో దాన్ని తిరగేయండి, మూడోదాంట్లో ఆ రెండిట్లోని పదాలేవీ వాడకుండా అదే విషయం అడగండి. పాత నిర్ణయం పైకొస్తే అక్కడితో ఆపేయండి. ఆ పరీక్ష నెగ్గితే ఒక ఉత్తుత్తి కీ టెర్మినల్‌లో ప్రింట్ చేయించి అది దాచిన మెమరీలోకి వెళ్లిందేమో చూడండి, డిలీట్ చేసి మళ్లీ వెతకండి. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కి వచ్చిన ఫైల్ తెరవండి. మామూలు టెక్స్ట్ కాకుండా అంకెల వరుసలు మాత్రమే వస్తే టూల్ మారిన రోజు అవి మీకు అక్కరకు రావు.

నిజానికి చాలామందికి ఈ ఖర్చు అక్కర్లేదు. క్లాడ్ కోడ్ సంభాషణల కాపీలు మీ మెషీన్‌లోనే, హోమ్ ఫోల్డర్‌లోని డాట్ క్లాడ్ కింద ప్రాజెక్ట్స్‌లో ఉంటాయి. కంటిన్యూ ఆప్షన్‌తో చివరిది, రెజ్యూమ్‌తో కావలసినది తెరుచుకోవచ్చు. కాకపోతే మామూలు సెట్టింగ్‌లో 30 రోజులు దాటినవి చెరిగిపోతాయి, ఆ గడువు మార్చుకోవచ్చు. ఎప్పటికీ మారని నియమాలకు క్లాడ్ డాట్ ఎండీ ఫైల్ ఉంది, ప్రతి సెషన్ మొదట్లో అదే చదువుకుంటుంది. కోడెక్స్, కర్సర్ లాంటి వేరే అసిస్టెంట్లు కూడా వాడేవాళ్లు నియమాలన్నీ ఏజెంట్స్ డాట్ ఎండీలో రాసి, క్లాడ్ ఫైల్‌లో ఎట్ గుర్తుతో ఆ ఫైల్ పేరు ఒక్క లైన్ పెడితే చాలు. రెండు వందల లైన్లు దాటనివ్వకండి, దాటితే నియమాలు పాటించడం పల్చబడుతుంది.

సగంలో ఉన్న పనికి వేరే ఫైల్ పెట్టండి. సెషన్ నిండిపోయి దానంతటదే సారాంశంగా కుదించుకోకముందే రాయించాలి, కుదించాక రాయిస్తే సారాంశానికి సారాంశమే వస్తుంది. ఇలా ఉండాలి:

లక్ష్యం: లాగిన్ గడువు 30 నిమిషాల నుంచి 12 గంటలకు.
అయినది: సెషన్ టేబుల్‌లో గడువు కాలమ్, మైగ్రేషన్ నడిచింది.
ఫెయిల్ అవుతున్నది: రిఫ్రెష్ టెస్ట్ ఒకటి (ఎర్రర్ యథాతథంగా కింద).
వదిలేసిన దారి: రెడిస్. కారణం: ఇంకో సర్వర్ నడపడం వద్దనుకున్నాం.
తర్వాతి అడుగు: ముందు ఆ ఒక్క టెస్టే నడుపు.

దీన్ని మీరే చదివి దిద్దండి, అయిపోయినవి కొట్టేయండి, కోడ్‌తో పాటే కమిట్ చేయండి. కొత్త సెషన్‌లో ఈ ఫైల్, చివరి అయిదు కమిట్లు చదవమని చెప్పి, తనకు అర్థమైనది చెప్పేదాకా కోడ్ ముట్టుకోనివ్వకండి.

ఇప్పటికే అలాంటి ప్లాన్‌లో ఉన్నవాళ్లు ముందు ఆటో రెన్యువల్ ఆపండి. అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన పోదు. డాట్ క్లాడ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైళ్లు తెరిచి హుక్స్ (నిర్ణీత సమయాల్లో దానంతటదే నడిచే కమాండ్లు) విభాగంలో ఆ టూల్ వదిలిన లైన్లు తీసేయండి. సెషన్ మొదట్లో, చివర్లో నడిచే హుక్‌లు ఉండిపోతే సంభాషణలు బయటికి వెళ్తూనే ఉండొచ్చు. ఎంసీపీ జాబితాలోంచీ పేరు తొలగించండి. ఆ తర్వాత, ప్లగిన్ ఉన్న రోజుల్లో టెర్మినల్‌లో కనబడిన పాస్‌వర్డ్‌లు, కీలు అన్నీ మార్చండి. డేటాబేస్‌వి, క్లౌడ్‌వి ముందు.