పీఎఫ్ ఫిర్యాదు పోర్టల్ ఎంతవరకు పనికొస్తుంది?

జీతంలో పీఎఫ్ పట్టుకుని ఖాతాలో వేయని యజమాని మీద లాయర్ ఫీజు లేకుండా ఫిర్యాదు చేసే దారి, పీఎఫ్ సంస్థ నడిపే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్ఐజీఎంఎస్. యూఏఎన్ (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ సభ్యత్వ నంబర్), దానికి లింకైన ఫోన్ నంబర్ ఉంటే చాలు. క్లెయిమ్ ఆఫీసులో ఆగినా, పాత ఖాతా బదిలీ కాకపోయినా బాగానే పనికొస్తుంది. యజమాని ఎగ్గొట్టిన కేసుల్లో మాత్రం అంతా రాసే తీరులోనే ఉంది.

ముందు పాస్‌బుక్ తీయండి. పీఎఫ్ లెక్కకు జీతం 15,000 అయితే ప్రతి నెలా మూడు అంకెలు కనబడాలి: ఉద్యోగి వాటా 1,800, యజమాని వాటా 550, పెన్షన్ 1,250. ఒక నెల సొమ్మును తర్వాతి నెల 15వ తేదీలోగా యజమాని కట్టాలి. పే స్లిప్‌లో 1,800 కోత ఉండి, పాస్‌బుక్‌లో ఆ నెల వరసే లేకపోతే ఆ రెండు కాగితాలే మీ కేసు.

పోర్టల్‌లో 'పీఎఫ్ మెంబర్' ఎంచుకుని, యూఏఎన్, ఓటీపీ కొట్టాక మీ పీఎఫ్ నంబర్లన్నీ వస్తాయి. కంపెనీలు మారినవాళ్లు ఇక్కడే పొరబడతారు. బాకీ పడ్డ సంస్థ నంబర్ మీదే నొక్కాలి, లేదంటే ఫిర్యాదు వేరే ఆఫీసుకు పోవచ్చు.

"నా పీఎఫ్ పడలేదు" అని ఒక్క ముక్క రాస్తే లాభం లేదు. ఏ నెలలు, ఎంత కోత అన్నది రాసి స్లిప్పులు జతచేయాలి. కాంట్రాక్టర్ కింద పనిచేసే పారిశుధ్య కార్మికులు, సెక్యూరిటీ గార్డులు అసలు పని చేయించుకునే సంస్థ పేరు కూడా తప్పక రాయాలి. ఈపీఎఫ్ స్కీమ్ 30వ పేరా ప్రకారం కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్ కట్టే బాధ్యత ప్రధాన యజమానిది, అంటే ఆ పని చేయించుకునే సంస్థది కూడా. కాంట్రాక్టర్ బోర్డు తిప్పేసినా ఆ సంస్థ ఎక్కడికీ పోదు. ఈ ఒక్క వాక్యం రాయక కష్టార్జితం పోగొట్టుకోవడం నిజంగా బాధాకరం.

పోర్టల్‌లో పెద్ద లోపం, "యజమానికి లేఖ పంపాం" అని రాసి ఫిర్యాదు మూసేయడం. లాయర్ అవసరం అక్కడ మొదలవుతుంది. హైదరాబాద్ బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసైనా, గుంటూరు ఆఫీసైనా, ఫిర్యాదు నంబర్, స్లిప్పులు జోడించి, యజమాని బాకీ ఎంతో తేల్చే విచారణ (1952 పీఎఫ్ చట్టంలో ఇది 7ఏ సెక్షన్) కోరుతూ పీఎఫ్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వాలి. ఆ విచారణలో సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం ఉంటుంది. ఒక ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి. రేపు హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే లాయర్ ముందు అడిగే కాగితం అదే.