రొయ్యల గుంటల మీద తిరిగిన బండికి నెల్లూరులో కట్టిన రేటు

నా పాత స్ప్లెండర్‌ని నెల్లూరు మినీ బైపాస్ రోడ్డులోని ఒక ఆటో కన్సల్టెన్సీలో, అంటే పాత బండ్లు కొని అమ్మే షాపులో, అమ్మాను. అక్కడే ఇంకో సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. షాపు పేరు రాయడం లేదు, రాస్తే ప్రచారంలా ఉంటుంది. వాళ్లు బండికి రేటు ఎలా కడతారో తెలిస్తే మీరు ఎక్కడ అమ్మినా పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు గుంటల గట్ల మీదే పని. 2020లో కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం బీఎస్ 6 బండ్లు వచ్చిన కొత్తలో స్ప్లెండర్ ప్లస్ కొన్నాను. ఆన్ రోడ్ 76 వేల దాకా అయింది. ఐదేళ్లు దాటాక 41 వేలకు అమ్మాను. మంచి రేటేనా అని చాలామంది అడిగారు. ఆ బండి తిరిగిన చోటు తెలిసినవాడిగా చెబుతున్నా, న్యాయమైన రేటే.

బండి విలువ ఏటా ఎంత తగ్గుతుందో చూడ్డానికి అందరి ఇంట్లో ఒక కాగితం ఉంటుంది, ఇన్సూరెన్స్ పాలసీ. అందులో ఐడీవీ అని ఒక అంకె వేస్తారు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టే విలువ. దాని లెక్క ఇలా ఉంటుంది: ఆరు నెలల లోపు బండికి 5 శాతం తీసేస్తారు, ఏడాది లోపైతే 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. ఐదేళ్లు దాటితే కంపెనీ, ఓనరు మాట్లాడుకుని వేసుకున్న విలువే. ఈ శాతాలన్నీ బండి తయారుచేసిన కంపెనీ ప్రకటించిన ధర మీదే. మనం కట్టిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు, ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, షోరూములో తగిలించిన సామాన్లు ఆ లెక్కలోకి రావు. అంటే షోరూము గేటు దాటేసరికే కొంత డబ్బు తిరిగిరాకుండా పోయినట్టే. మా బావమరిది ఒంగోలులో రెండు లక్షల పైన పెట్టి స్పోర్ట్స్ మోడల్ బండి కొని, రెండేళ్లకే మోజు తీరి అమ్మాడు. 80 వేల దాకా పోయింది. నా స్ప్లెండర్ ఐదేళ్లలో పోగొట్టుకున్నది అందులో సగం కూడా లేదు.

నెల్లూరు బజారులో స్ప్లెండర్ ఇన్సూరెన్స్ లెక్క కంటే మెరుగ్గానే నిలబడుతుంది. కారణం అందరికీ తెలిసిందే. ఉదయగిరిలోనైనా కనిగిరిలోనైనా రోడ్డు పక్క మెకానిక్ దీన్ని విప్పగలడు, సామాను దొరుకుతుంది, మైలేజీ ఇస్తుంది. పాలు పోసేవాళ్లు, పొలాలకు వెళ్లేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు అందరికీ కావాల్సింది ఇదే. అమ్మకానికి పెట్టిన బండి షాపులో ఎన్నాళ్లు నిలుస్తుందన్న దాన్ని బట్టే కన్సల్టెన్సీ వాళ్లు రేటు చెబుతారు. నేను వెళ్లిన షాపాయన ఎలక్ట్రిక్ స్కూటర్లు అసలు కొననే కొనడు. బ్యాటరీ ఎంత మిగిలి ఉందో తనకు తేల్చి చెప్పే మనిషి లేడని మొహం మీదే చెప్పేశాడు.

ఆ షాపులో నాకు బాగా నచ్చింది బండి చూసే పద్ధతి. నేను కోవూరు నుంచి బండి నడుపుకుంటూ వెళ్లాను. ఇంజను వేడిగా ఉంది. వాళ్ల మెకానిక్ చెయ్యి పెట్టి చూసి, "వేడి మీద ఏ బండైనా ఒక్క కిక్కుకే లేస్తాది. సల్లారనీ అబ్బయ్యా" అని పక్కన పెట్టించాడు. చల్లారాక స్టార్ట్ చేసి సైలెన్సర్ దగ్గర పొగ చూశాడు. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ కాలుతున్నట్టు, బోర్ పని వచ్చినట్టు. నా బండికి రాలేదు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పట్టుకుని ఊపాడు, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి దాని బేరింగులు, అదే కోన్ సెట్, చూశాడు, ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ కారుతోందా అని వేలితో తుడిచి చూశాడు. కిలోమీటర్ల మీటరు మాత్రం చివర్న చూశాడు. అదీ ఒక్క చూపే. ఫుట్ రెస్ట్ రబ్బరు, బ్రేక్ పెడల్ ఎంత అరిగాయో చూస్తే మీటరు నిజమో కాదో తెలిసిపోతుందన్నాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. టార్చిలైటు తీసుకుని కింద కూర్చున్నాడు. మడ్‌గార్డు లోపల, స్వింగ్ ఆర్మ్ అతుకుల దగ్గర, సైలెన్సర్ వంపు కింద, టాంకు అడుగున లైటు వేసి చూశాడు. తల ఎత్తకుండానే "గుంటల మీద తిరిగిన బండి కదా?" అన్నాడు. అవునన్నాను. మన కోస్తా బండ్లకు వయసు కంటే ఉప్పే పెద్ద శత్రువు. ఉప్పు నీళ్ల తుంపర ఇనుము మీద పడి, తడి ఆరకముందే దాని మీద బురద పేరుకుంటే తుప్పు లోపల్నుంచి తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. ఇంజను నిక్షేపంగా ఉన్న బండికి కూడా మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో రేటు తగ్గేది అందుకే. చీమకుర్తి క్వారీల వైపు నుంచి వచ్చిన బండైతే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పుతారట, గ్రానైట్ దుమ్ముకి.

నన్ను టెన్షన్ పెట్టింది ఛాసిస్ నంబరు. హ్యాండిల్ కింద ఫ్రేము మీద కొట్టిన ఆ నంబరు తుప్పు పొరలో సరిగా కనపడలేదు. సీ బుక్కులో (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో) ఉన్న నంబరుతో అది కలవకపోతే బండి ఎంత బాగున్నా అమ్మకం జరగదు. మెకానిక్ కిరసనాయిలు గుడ్డతో ఓపిగ్గా తుడిచాడు. అక్షరాలన్నీ తేలాయి. తీరం వైపు తిరిగేవాళ్లు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా ఆ చోట కాస్త గ్రీజు పూయించుకోండి, ఖర్చేమీ కాదు.

తర్వాత షాపాయన ఒక పాత బిల్లు వెనక లెక్క రాసి నా చేతికిచ్చాడు. 2020 మోడల్ స్ప్లెండర్ మంచి కండిషన్‌లో ఉంటే తను ఇచ్చే రేటు 46 వేలు. అందులోంచి సైలెన్సర్‌కి, చైన్ సెట్‌కి, వెనక టైరుకి, తుప్పు గీకి రంగు వేయడానికి విడివిడిగా తీసి 38కి తెచ్చాడు. ఏది ఎందుకు తీశాడో బండి దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించాడు. నేను కొద్ది నెలల ముందే మార్చిన బ్యాటరీ సంగతి ఎత్తాను. కొత్త బ్యాటరీ ఉందని కొనేవాడు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు, పాడైతే మాత్రం తగ్గిస్తాడు అన్నాడు. సీటు కవరు, క్రాష్ గార్డు కూడా అంతే. మొదటి ఓనర్‌నని, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయని, ఇంజను ఎప్పుడూ విప్పలేదని బేరమాడాను. 41 దగ్గర తెగింది. అమ్మే ముందు కొత్త టైర్లు వేయించడం దండగ. పెండింగ్ చలాన్లు కట్టి, ఫైనాన్స్‌లో కొన్న బండైతే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి సీ బుక్కులో ఫైనాన్స్ పేరు తీయించుకుని వెళ్లండి. అప్పు తీరినా ఆ పేరు అలాగే ఉన్న బండ్లు చాలా ఉంటాయి.

బండి వయసు మన దగ్గర నంబరు ప్లేటే చెబుతుంది. 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27 కనపడితే అంతకు ముందుదే అని కొనేవాడికి దూరం నుంచే తెలుస్తుంది. వాటిలో 15 ఏళ్లు నిండుతున్న బండ్లకు రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతోంది. రెన్యువల్ చేయిస్తే ఐదేళ్లు వస్తుంది కానీ ఆ తిరుగుడంతా లెక్కేసి కొనేవాడు రేటు విరగ్గొడతాడు. గడువు ఇంకా రెండు మూడేళ్లు ఉండగానే అమ్మాలి, లేదంటే పూర్తిగా అరిగేదాకా మనమే నడుపుకోవాలి. మోడల్ సంవత్సరం సీ బుక్కులోని తయారీ నెలను బట్టి చూస్తారు. డిసెంబరులో అమ్మితే వచ్చే రేటు జనవరిలో రాదు, బండి ఒక ఏడాది పాతదైపోతుంది. ఆషాఢంలో కొనేవాళ్లు తక్కువ. దసరా, దీపావళికి ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన పాత బండ్లతో షాపులు నిండిపోతాయి, అప్పుడూ రేటు పలకదు.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్నుతో లక్ష ఉన్న ధర దాదాపు 7,800 తగ్గినట్టు. పాత బండి రేటు కూడా దాంతోపాటే దిగింది. కొత్తదానికీ పాతదానికీ తేడా తగ్గితే ఎవరైనా కొత్తదాని వైపే చూస్తారు. అమ్మి ఊరుకునేవాళ్లకు అది నష్టమే. అమ్మి ఇంకోటి కొనేవాళ్లకు ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో వస్తుంది.

ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు నాకు 45 వేలు ఇస్తామన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు అడిగిందల్లా ఓనరు పేరు మార్చడానికి పెట్టే 29, 30 ఫారాల మీద సంతకాలు. పేరు తర్వాత మార్చుకుంటామన్నారు. నేను ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం మన రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీవోకి తెలపాలి. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా సీ బుక్కులో ఎవరి పేరుందో యాక్సిడెంట్ అయితే వాళ్లే ఓనరు, పరిహారం భారం వాళ్ల మీదే పడుతుంది. నాలుగు వేల కోసం అంత బరువు నెత్తిన పెట్టుకోలేను. ఈ షాపులో బండి అప్పగించిన తేదీ, టైము రాసిన కాగితం ఇద్దరం సంతకం చేసి చెరొకటి తీసుకున్నాం. కొనేవాడు దొరకగానే ట్రాన్స్‌ఫర్ చేయించి, కొత్త పేరున్న సీ బుక్కు ఫొటో వాట్సాప్‌లో పంపారు.

నాకు అసంతృప్తి మిగిలింది కూడా ఇక్కడే. 2023 ఏప్రిల్ 1 నుంచి సెకండ్ హ్యాండ్ డీలర్లకు కొత్త నిబంధనలు వచ్చాయి. ఆర్టీవో అనుమతి తీసుకున్న డీలరుకు బండి ఇస్తే ఫారం 29సీతో ఆన్‌లైన్‌లో తెలపొచ్చు, అప్పట్నుంచి బాధ్యత డీలరుదే. ఈ షాపు ఇంకా ఆ అనుమతి తీసుకోలేదు. అందువల్ల ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా బండి నా పేరు మీదే ఉంది. ఆ కొన్ని వారాలూ తెలియని నంబరు నుంచి ఫోనొస్తే గుండె ఝల్లుమనేది. పైగా మూడు వేలు ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఆపుకున్నారు. ముందే చెప్పారు, ఇచ్చేశారు కూడా. అయినా అమ్మేవాడికే ఎక్కువ పూచీ ఉన్నప్పుడు డబ్బు కూడా అతనిదే ఆపడం సరికాదని షాపాయనకు చెప్పాను. "మాకూ ఇబ్బందులున్నాయి తమ్ముడూ" అన్నాడు.

ఆ డబ్బుకి కొంత కలిపి అక్కడే 2022 మోడల్ హోండా షైన్ 125 తీసుకున్నాను, 58 వేలు. కొత్త బండి కొనే స్తోమత ఉంది. కానీ నా బండి మళ్లీ ఆ గట్ల మీదే తిరగాలి. మొదటి మూడేళ్ల తరుగుదల ఇంకొకరు భరించిన బండిని ఉప్పులో నడపడమే నాకు సబబు అనిపించింది. ఇన్సూరెన్స్ నా పేరుకి 14 రోజుల్లో మార్పించుకోమని వాళ్లే గుర్తుచేశారు. పాత పాలసీలో క్లెయిమ్ లేకుండా పెరిగిన నో క్లెయిమ్ బోనస్ బండితో పోదు, అది మనదే. కంపెనీ నుంచి లెటరు తెచ్చుకుంటే ఇంకో బండికి వాడుకోవచ్చు. ఆ సంగతి మాత్రం షాపులో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం వెళ్తే రద్దీ, మెకానిక్ తీరిగ్గా చూడడు. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్లండి. సీ బుక్కు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, రెండో తాళం తీసుకెళ్లండి. రెండో తాళం లేకపోతే అక్కడ కూడా తగ్గిస్తారు.