విజిల్ తాడు: 22 ఏళ్లు వాడాక చెబుతున్నా, కాటన్‌దే కొనండి

ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో చేరి 22 ఏళ్లు. యూనిఫాం భుజం మీంచి జేబులోకి వెళ్లే లాన్యార్డ్‌లు ఓ పదిహేను మార్చి ఉంటాను, మేమైతే విజిల్ తాడు అంటాం. కానిస్టేబుల్‌గా సెలెక్టయిన మేనల్లుడు "మామయ్యా, ఏది కొనాలి?" అని అడిగాడు, అందుకే ఇదంతా.

నైలాన్‌ది నిగనిగలాడుతుంది, ఫొటోల్లో బాగుంటుంది, ముడి మాత్రం నిలవదు. ఓసారి జనవరి 26 పరేడ్‌కి కొత్తది వేసుకెళ్తే, మార్చ్‌పాస్ట్‌లో చెయ్యి ఊపేకొద్దీ ముడి జారి, తాడు మోచేతి దాకా దిగిపోయింది. నడుస్తూ సర్దుకోలేం కదా! పరేడ్ అయ్యాక ఆర్‌ఎస్‌ఐ (రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్) గారు అన్న మాటలు ఇక్కడ రాయలేను. పైగా చివర్లు పోగులు లేస్తాయి, అగ్గిపుల్లతో కాలిస్తే ఆ ఉండ గట్టిపడి గీరుకుంటుంది.

కాటన్ అల్లిక తాడు కొత్తలో కర్రలా ఉంటుంది. రాత్రంతా నానబెట్టి నీడలో ఆరేస్తే రెండు ఉతుకులకి మెత్తబడుతుంది. కాస్త కురచ అవుతుంది కాబట్టి నాలుగు వేళ్లు పొడుగున్నదే తీసుకోండి. దీనికి శత్రువు చెమట. మే నెల బందోబస్తు అయ్యేసరికి చంక దగ్గర ఉప్పు చారలు కడతాయి, ఖాకీ రంగు మొదట వెలిసేది అక్కడే. నేను పరేడ్‌కి ఒకటి, డ్యూటీకి ఒకటి ఉంచుకుంటాను. కొక్కెం ఇత్తడిదే ఉండాలి, ఇనుపదైతే జేబుకి తుప్పు మరక ఖాయం.

అలంకారమే కదా అనేవాళ్లు నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూడాలి, ఆ తోపులాటలో విజిల్ నోట్లోంచి జారినా ఛాతీ మీదే ఉంటుంది. వెనకటికి బ్రిటిష్ ఫిరంగి దళంవాళ్లు ఫిరంగి గుండు ఫ్యూజు సరిచేసే తాళంచెవి, గుర్రం డెక్కల్లో రాళ్లు తీసే కొక్కెం పోకుండా ఇలాంటి తాడుకే కట్టుకునేవాళ్లు. గవర్నర్ గారి వెంట ఉండే అధికారి (ఏడీసీ) భుజం మీది బంగారు జడతాళ్ల సంగతి వేరు, అది పూర్తిగా దర్జా కోసమే. ఐపీఎస్ వాళ్లది నేవీ బ్లూ, మాసినా తెలీదు, అదృష్టవంతులు.

ఒక్క జాగ్రత్త. ఓ గొడవలో ఎవడో ఈ తాడు పట్టి లాగితే భుజం మీది గుండీ ఊడి చేతికొచ్చింది. అప్పట్నుంచి అలాంటి చోటికి వెళ్లేటప్పుడు తీసి జేబులో పడేస్తున్నా.

ఇంత చెప్పినా మావాడు నైలాన్‌దే కొన్నాడు, మెరుస్తుందని.